ఉప్పు చుక్క తేల్చే లెక్క

మనం మింగగా మురుగునీటితో వాగుల్లో చేరే మందులకు మంచినీటి ఆల్చిప్పలు చచ్చిపోతాయా అని ఒక పాఠకుడు అడిగారు. మోతాదు మించితే చస్తాయి. కాకపోతే అవి చచ్చాయని తేల్చడమే తలనొప్పి. పెద్ద ఆల్చిప్పకు నీళ్ళు నచ్చకపోతే చిప్పలు బిగించుకుని కూర్చుంటుంది, మందు లోపలికి పోదు. నాలుగు రోజుల్లో ఒక్కటీ చావలేదని ఆ నీటికి మంచి సర్టిఫికెట్ ఇచ్చేస్తే తప్పే.

అందుకని లార్వాలను పట్టుకుంటారు. వాటి పేరు గ్లోకిడియా. తల్లి మొప్పల్లోనే పెరుగుతాయి, సైజు పావు మిల్లీమీటరు అటూ ఇటూ. రెండు బుల్లి చిప్పలు, వాటిని లాగే ఒక కండరం, అంతే. చేప మొప్పో రెక్కో తగలగానే టక్కున మూసుకుని పట్టేయాలి. ఆ పట్టు దొరక్కపోతే కొన్ని రోజుల్లో చావే. మన చెరువుల్లోని లామెల్లిడెన్స్ మార్జినాలిస్‌దీ ఇదే బతుకు. స్వాతి వాన చినుకు పడితే ఆల్చిప్పలో ముత్యం పుడుతుందని పిల్లలకు చెప్తాం గానీ, ఈ చేప సవారీ సంగతి ఏ బళ్ళోనూ చెప్పరు.

పరీక్ష ఇలా. తల్లి మొప్పలోంచి సిరంజి నీటితో గ్లోకిడియాను బయటికి కడిగి, మందు కలిపిన నీటిలో 24 గంటలు ఉంచుతారు. తర్వాత ఓ వంద తీసి సూక్ష్మదర్శిని కింద పెట్టి, ముందే మూసుకున్నవి లెక్కపెడతారు. 12 అనుకుందాం. ఇప్పుడు చిక్కటి ఉప్పునీరు ఒక చుక్క. బతికున్నవి ఠపీమని మూసుకుంటాయి. మొత్తం మూసుకున్నవి 94 అయితే, 94లోంచి 12 తీసేయాలి, 82 శాతం. ముందే మూసుకున్న 12లో ప్రాణం ఉండొచ్చు, అయినా లెక్కలో చచ్చినట్టే. నోరు మూసుకున్నది చేపను ఎలా పట్టుకుంటుంది? మందు లేని గిన్నెలో 90 శాతం రాకపోతే పరీక్ష మొత్తం పారేయాలి. అలా తగ్గడానికి మామూలు కారణాలు: ఇంకా గుడ్డు పొర వీడని పచ్చి లార్వాలు, కుళాయి నీటి క్లోరిన్, రాగి గొట్టం. ఉప్పు అసలు గిన్నెలో వేస్తే అన్నీ మూసుకుపోతాయి, ఇక 48 గంటలకు మళ్ళీ లెక్కపెట్టడం కుదరదు.

మానసిక కుంగుబాటుకు వాడే ఫ్లూఆక్సెటిన్ సంగతి వేరు. నరాల మధ్య కబురు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఆల్చిప్పలకు కాన్పు సంకేతం. ఈ మందు సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకోనివ్వదు, సంకేతం మోగుతూనే ఉంటుంది. ఎలిప్టియో కాంప్లనాటా అనే అమెరికా జాతి ఆడవాటిని లీటరుకు 300 మైక్రోగ్రాముల్లో ఉంచితే పనికిరాని లార్వాలను వదిలేశాయి. నెలలు నిండని కాన్పు. తల్లి మాత్రం నిక్షేపంగా ఉంటుంది, చావుల పట్టికలో సున్నా పడుతుంది. 2002లో అచ్చయిన అమెరికా వాగుల సర్వేలో కనిపించిన ఫ్లూఆక్సెటిన్ లీటరుకు 0.012 మైక్రోగ్రాములు. అంటే ప్రయోగశాల మోతాదు 25,000 రెట్లు. భయపెట్టే శీర్షికలు రాసేవాళ్ళు ఈ భాగహారం చేయరు. అలాగని కొట్టిపారేయలేం కూడా: ఇదే కోవకు చెందిన ఫ్లువోక్సమైన్‌కు జీబ్రా ఆల్చిప్పల మగవి లీటరుకు మైక్రోగ్రాములో మూడో వంతు దగ్గరే వీర్యం వదిలాయి.

నీటి పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) చూడకుండా ఏ అంకెనూ నమ్మకండి. ఫ్లూఆక్సెటిన్ పీకేఏ, అంటే దాని అణువుల్లో సగం విద్యుదావేశం లేకుండా ఉండే పీహెచ్, 10 దగ్గర. మొప్ప పొరను సులువుగా దాటేది విద్యుదావేశం లేని అణువే. పీహెచ్ 7లో అలాంటివి 0.1 శాతం, 9లో దాదాపు 9 శాతం. నాచు పట్టిన చెరువులో ఎండ మళ్ళేసరికి పీహెచ్ 9కి చేరడం మామూలే. అంటే అదే చెరువు, అదే మందు, పొద్దుటికీ సాయంత్రానికీ విషం తేడా. ఇక పెరుగుదల కొలవాలంటే చేప మీద పెరిగి దాన్ని వదిలిన ఆల్చిప్ప పిల్లలకు నాచు మేపుతూ 28 రోజులు ఉంచి పొడవు చూడాలి, అదీ గాజు గిన్నెల్లోనే. ప్లాస్టిక్ గిన్నె గోడలు మందులో కొంత పీల్చేసుకుంటాయి.