టిఫా (అయిదో నెలలో గర్భంలోని బిడ్డ అవయవాలను చూసే స్కాన్) రిపోర్టులో ‘కోరాయిడ్ ప్లెక్సస్ సిస్ట్’ అని ఉందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: బిడ్డ మెదడులో గడ్డ ఉంది, తెలివి తగ్గుతుంది.

వాస్తవం: అది గడ్డ కాదు, చిన్న నీటి బుడగ. మెదడు లోపలి గదుల్లో నీరు ఊరేది కోరాయిడ్ ప్లెక్సస్ నుంచే. దాని మడతల్లో కాస్త నీరు చిక్కుకుంటే, స్కాన్ తెర మీద తెల్లటి దూదిపింజలో నల్లచుక్కలా కనిపిస్తుంది. మాటకు, నడకకు, ఆలోచనకు ఆ కణజాలంతో పనిలేదు. అయిదో నెల స్కాన్లలో నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో కనిపించేదే. 28 వారాలకల్లా చాలావరకు వాటంతటవే పోతాయి.

అపోహ: రెండు వైపులా ఉన్నా, పెద్దదైనా ప్రమాదం ఎక్కువ.

వాస్తవం: సైజును, సంఖ్యను బట్టి భయపడక్కర్లేదు. చూడాల్సింది బిడ్డ మిగతా శరీరాన్ని.

అపోహ: ఇది డౌన్ సిండ్రోమ్‌కు గుర్తు.

వాస్తవం: సంబంధం ఉన్నది 18వ క్రోమోజోమ్ మూడు ఉండే ఎడ్వర్డ్స్ సిండ్రోమ్‌తో. ఆ బిడ్డల్లో మూడోవంతు నుంచి సగం మందికి ఈ సిస్ట్ ఉంటుంది. కానీ వారిలో సిస్ట్ ఒక్కటే ఉండటం చాలా అరుదు. గుండెలో రంధ్రం, ఎదుగుదల తగ్గడం, అరికాలు ఉబ్బెత్తుగా వంగి ఉండటం లాంటివీ కనిపిస్తాయి. అన్నిటికన్నా చేతులు ముఖ్యం. చూపుడు వేలు మధ్య వేలి మీదికి, చిటికెన వేలు ఉంగరపు వేలి మీదికి ఎక్కి, పిడికిలి ఎంతసేపు చూసినా విచ్చుకోదు. బిడ్డ ముడుచుకుని పడుకుంటే తల్లిని కాసేపు నడిపించి మళ్లీ చూడాలి. రెండు అరచేతులూ విచ్చుకున్నట్టు రిపోర్టులో లేకపోతే, ‘చేతులు చూశారా?’ అని అడగండి. మొహమాటపడొద్దు.

అపోహ: ఉమ్మనీరు తీసి పరీక్ష చేయించాల్సిందే.

వాస్తవం: సిస్ట్ తప్ప మరే లోపమూ లేక, తల్లి రక్తంతో క్రోమోజోమ్ లోపాల ముప్పును చూసే ఎన్ఐపీటీ గానీ క్వాడ్రపుల్ మార్కర్ గానీ ‘లో రిస్క్’ అని వచ్చి ఉంటే అక్కర్లేదు. సిస్ట్ కోసమే మళ్లీ స్కాన్ కూడా అవసరం లేదు. ఏ రక్తపరీక్షా చేయించకపోతే ఎన్ఐపీటీ గురించి డాక్టరుతో మాట్లాడండి. అది ముప్పును అంచనా వేసే పరీక్షే, నిర్ధారణ కాదు. అందులో ‘హై రిస్క్’ వచ్చినా, స్కాన్‌లో వేరే లోపం కనిపించినా అప్పుడు ఉమ్మనీటి పరీక్ష మాట. దాన్ని 15 వారాలు దాటాక చేస్తారు, కొద్దిపాటి గర్భస్రావం ముప్పు ఉంటుంది. పూర్తి క్రోమోజోమ్ ఫలితం రావడానికి రెండు వారాల దాకా పట్టొచ్చు కాబట్టి, తర్వాతి నిర్ణయానికి వ్యవధి ఉండేలా టిఫాను 18-20 వారాల్లోనే చేయించుకోవడం మంచిది.

అపోహ: నీళ్లు తగ్గిస్తే బుడగ ఇంకిపోతుంది.

వాస్తవం: తల్లి తాగే నీళ్లకూ దానికీ సంబంధం లేదు. నీళ్లు తగ్గించొద్దు. దీనికి మందులూ లేవు, అవసరమూ లేదు. సిస్ట్ ఒక్కటే అయితే, దాని కోసమని పుట్టాక బిడ్డకు ఎంఆర్ఐ కూడా అక్కర్లేదు.