ఆట ఆడే ఏజెంట్ ప్రాజెక్టులు: అపోహలు - వాస్తవాలు

భీమవరం దగ్గర ఓ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఏటా ఫైనల్ ఇయర్‌లో ఒకటి రెండు బ్యాచ్‌లైనా "ఆట ఆడే ఏజెంట్ చేస్తామండి" అంటూ వస్తాయి. ఏజెంట్ అంటే బోర్డును చూసి తర్వాతి ఎత్తు తానే ఎంచుకునే ప్రోగ్రాం. నాకు చాలా ఇష్టమైన ప్రాజెక్టు ఇది. అందుకే ఈ నాలుగు మాటలు.

అపోహ: ఖరీదైన జీపీయూ (భారీ లెక్కలు వేగంగా చేసే చిప్) లేనిదే కుదరదు.
వాస్తవం: ఆటను బట్టి ఉంటుంది. టిక్-టాక్-టోలో రాగల అమరికలు 5,478 మాత్రమే. మామూలు ల్యాప్‌టాప్ చాలు.

అపోహ: మెషీన్ లెర్నింగ్ (అనుభవం నుంచి ప్రోగ్రాం తానే నేర్చుకోవడం) ఉంటేనే ఏఐ.
వాస్తవం: 1997లో చెస్ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించిన ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ బలమంతా ముందు ఎత్తుల్ని వెతకడంలోనే ఉంది. సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులు చూసేది. ఆల్ఫా-బీటాను (పనికిరాని ఎత్తుల దారుల్ని వదిలేస్తూ వెతికే పద్ధతి) అర్థం చేసుకుని సొంతంగా రాసిన బ్యాచ్‌కే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. ఎక్కడో దించుకున్న న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకునే మోడల్) వైవాలో రెండో ప్రశ్నకే దొరికిపోతుంది.

అపోహ: మనకు బాగా ఆడటం వస్తేనే ప్రోగ్రాం బాగా ఆడుతుంది.
వాస్తవం: రాసినవాడి కంటే బాగా చెక్కర్స్ ఆడటం ప్రోగ్రాం నేర్చుకోగలదని కంప్యూటర్ శాస్త్రవేత్త ఆర్థర్ శామ్యూల్ 1959లోనే చూపించాడు.

అపోహ: ట్రైనింగ్ (ప్రోగ్రాం మళ్లీ మళ్లీ ఆడి, పాయింట్లు ఎక్కువ తెచ్చే ఎత్తులు నేర్చుకోవడం) ఎక్కువసేపు నడిపితే అదే నేర్చేసుకుంటుంది.
అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాలకొల్లు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి పులి-మేక ఆట తీసుకుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేక చావకుండా గడిచిన ప్రతి ఎత్తుకూ మేకల పక్షానికి ఒక పాయింటు పెట్టింది. రాత్రంతా నడిపి, పొద్దున్నే అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టి వాళ్ల తాతగారిని పులులు ఆడమంది. మేకలన్నీ దిగాక ఒకే ఒక్క మేక మూలన రెండు గడుల మధ్య తిరగడం మొదలుపెట్టింది. "నీ మేకేంటమ్మా, మగ్గంలో నాడెలా అటూ ఇటూ తిరుగుతోంది? పులిని కట్టేదెప్పుడు?" అన్నారట ఆయన.

ప్రోగ్రాంలో తప్పేమీ లేదు. బతికుంటే పాయింట్లన్నాం, అది బతికుంది. సరే, ఆ అమ్మాయి ఆ పాయింట్లు తీసేసి ఎత్తు ఎత్తుకూ పాయింట్ల కోత పెట్టింది. కోత మరీ పెద్దదైపోయి, ఆట తొందరగా ముగించడానికి ప్రోగ్రాం మేకల్ని పులుల నోటికి అందించేసింది! చివరికి మూడు పులులూ కదల్లేకపోతే పెద్ద పాయింట్లు, చచ్చిన మేకకు గట్టి నష్టం, ఎత్తుకు నామమాత్రపు కోత. అప్పుడు దారిలో పడింది. ట్రైనింగ్ గంటలు పెంచి ఉంటే ఆ మేక ఇప్పటికీ మూలనే తిరుగుతుండేది.

అపోహ: వందకు తొంభై ఆటలు గెలిచింది కాబట్టి మా ఏజెంట్ గొప్పది.
వాస్తవం: ఎవరి మీద గెలిచింది? గుడ్డిగా ఎత్తులు వేసే ప్రోగ్రాం మీదైతే లెక్కలోకి రాదు. రెండెత్తులు ముందుకు చూసే మినీమ్యాక్స్‌తో (అవతలివాడు తనకు మంచి ఎత్తే వేస్తాడనుకుని ఎంచుకునే ప్రోగ్రాం) ఆడించండి, పక్షాలు మార్చి ఆడించండి. ఆ అమ్మాయి ఏజెంట్ తాతగారితో పది ఆటలాడి మూడే గెలిచింది. ఓడిన ఏడు ఆటల ఎత్తులూ నోట్‌బుక్‌లో రాసుకొచ్చి, ఏ ఎత్తు దగ్గర తేడా కొట్టిందో రివ్యూలో బోర్డు మీద గీసి మరీ చూపించింది.