గోపాల్‌పూర్ తీరంలో ఇల్లు: అపోహలు – వాస్తవాలు

ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో పాత బంగళాల నడుమ స్థలం కొన్న బరంపురం వాళ్ళు మొదట అడిగేది సముద్రం వైపు ఎంత అద్దం పెట్టొచ్చని. ముందు అడగాల్సింది ఉప్పు గురించి, ఎండ గురించి.

అపోహ: మంచి కంపెనీ చువ్వలు వాడితే తుప్పు పట్టదు.

వాస్తవం: చువ్వను కాపాడేది దాని మీదున్న కాంక్రీటు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణంలో కనీసం ఎం30 రకం కాంక్రీటు (అంకె పెరిగితే బలం ఎక్కువ), 45 మి.మీ. కవర్, అంటే చువ్వ మీద కాంక్రీటు మందం, ఉండాలి. అలల తుంపర తగిలే చోట ఎం35, 50 మి.మీ. అలవాటు కొద్దీ 20 మి.మీ. కవర్ బ్లాకులు పెట్టేస్తారు, కొంపలంటుకునేది అక్కడే. ఉప్పు లోపలికి దిగి చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కాంక్రీటు చువ్వ వెంబడే చీలి పెచ్చులూడుతుంది. బస్తా సిమెంటుకు నీళ్ళు 22.5 లీటర్లు దాటకూడదు, ఇసుకలోని తడి కూడా ఆ లెక్కలోదే. జారుగా ఉంటే పని తేలికని మేస్త్రీ ఇంకో బకెట్ పోస్తే కవర్ ఎంత ఉన్నా దండగే. బోరు నీళ్ళను పరీక్షకు పంపండి: ఆర్‌సీసీకి క్లోరైడ్ లీటరుకు 500 మి.గ్రా. మించరాదు. ఒడ్డు ఇసుక ఒక్క తట్ట కూడా వద్దు. ఎపాక్సీ పూత చువ్వలు కొన్నా ఇదంతా తప్పదు. వంచేటప్పుడు పూత లేచిన చోటే తుప్పు తినడం మొదలవుతుంది.

అపోహ: సముద్రం వైపు గోడంతా అద్దమైతేనే ఆధునికం.

వాస్తవం: ఇక్కడ సముద్రం ఆగ్నేయాన ఉంది. పొద్దుటి ఎండంతా ఆ అద్దంలోంచే ఇంట్లో పడుతుంది. ఎనిమిదడుగుల ఎత్తు, అంతే లోతు ఉన్న వరండా 45 డిగ్రీల పైనుంచి వచ్చే ఎండను ఆపుతుంది. అంతకు దిగువ ఎండకు చెక్క జాలీయో వెదురు తెరో కావాలి. దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జా సరిపోతుంది. పడమర వైపు మెట్లు, స్నానాల గది, సామాన్ల గది పెట్టి సరిపెట్టుకోండి.

తుపాను సంగతి వేరే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే. ఈ తీరానికి లెక్కలో తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి. గాలివైపు అద్దం పగిలిందంటే గాలి లోపలికి చొరబడి కప్పును పైకి తంతుంది. మూసే తలుపులు లేని పెద్ద అద్దం మాత్రం పెట్టకండి.

అపోహ: పాతకాలపు మందపాటి గోడలే చల్లన.

వాస్తవం: పగటికీ రాత్రికీ వేడి తేడా ఎక్కువున్న లోతట్టులో అది నిజం. ఇక్కడ ఆ తేడా తక్కువ, ఉక్క ఎక్కువ. చల్లదనం గాలి ఆడటంలోనే ఉంది. వేసవి గాలి ఎక్కువగా దక్షిణ నైరుతి నుంచి వస్తుంది. అటు కిటికీలు, ఎదుట ఉత్తరాన దారి ఉంచండి. స్లాబు మీద 50 మి.మీ. ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి నురగ) పలకలు, పైన తెల్ల పెంకు ముక్కలు పరిస్తే కప్పు వేడి బాగా తగ్గుతుంది.

అపోహ: పట్టా ఉంటే ఒడ్డు దాకా కట్టొచ్చు.

వాస్తవం: 2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్‌లో రెండో తరగతి కింద వచ్చే పట్టణ భాగాల్లో, ఇప్పటికే ఉన్న రోడ్డుకో అనుమతి పొందిన కట్టడానికో భూమి వైపునే కట్టాలి. నకషా గీయించే ముందే మీ సర్వే నంబరు ఏ తరగతిలోదో చూసుకోండి.

అపోహ: ఎత్తైన ప్రహరీ ఇసుకను ఆపుతుంది.

వాస్తవం: సందు లేని గోడ దాటిన గాలి సుడి తిరిగి ఇసుకను మీ వాకిట్లోనే దించుతుంది, పొరుగింటి గాలినీ ఆపేస్తుంది. సగం ఖాళీలున్న జాలీ గోడ గానీ సరుగుడు వరుస గానీ నయం.

ఏసీ బయటి యూనిట్‌ను తుంపర నేరుగా తగలని గోడకు బిగించి, నెలకోసారి మంచినీళ్ళతో కడగండి. బోల్టులు 316 రకం స్టీలువి కొనండి. 304 రకం ఇక్కడి ఉప్పుగాలికి మచ్చలు పడుతుంది.