ఖాళీ ఖోకా మళ్లీ తూటా అవుతుందా? పాయింట్ టూ టూ రీలోడింగ్‌పై అపోహలు, వాస్తవాలు

పోయిన నెల మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి వచ్చాడు. కూతురు డిగ్రీ ఫస్టియర్. ఏడాదిన్నరగా నల్లగొండలో నా దగ్గర ఎయిర్ రైఫిల్ నేర్చుకుంటోంది, ఇప్పుడిప్పుడే 50 మీటర్ల పాయింట్ టూ టూ రైఫిల్‌కు (0.22 అంగుళాల తూటాది) మారుతోంది. ఆయన కూర్చోకుండానే సంచిలోంచి పాలిథిన్ కవర్ తీసి బల్ల మీద కుమ్మరించాడు. రెండు మూడు వందల ఖాళీ ఖోకాలు, అంటే పేలాక మిగిలే ఇత్తడి గొట్టాలు.

"సార్, హైదరాబాద్ రేంజ్‌ల ఊకే కింద పడున్నయి, ఏరుకొచ్చిన. మా బామ్మర్ది జడ్చర్లల లేత్ నడుపుతడు, సీసం గుండ్లు పోసిస్త అన్నడు. మందు సంగతి మీరు చెప్తే పిల్ల ప్రాక్టీసు ఖర్చు సగమైతది" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. ఈ మాట నన్ను ఏడాదికి ఐదారుగురు అడుగుతారు, అడిగేవాళ్లంతా పిల్లల కోసం అప్పు చేసే రకమే. రోజుకు 100 రౌండ్లు, వారానికి ఐదు రోజులు అనుకుంటే 500, అంటే యాభై రౌండ్ల పెట్టెలు పది. బయటి దేశం నుంచి వచ్చే, పోటీల్లో వాడే మ్యాచ్ తూటాకు ఆ లెక్క వేసుకుంటే ఏ తల్లిదండ్రులకైనా రాత్రి నిద్ర పట్టదు. నా కోపమంతా వీడియోలు చూసి "ఇంట్లోనే నింపుకోవచ్చు, పైసా ఖర్చు లేదు" అని వాట్సాప్‌లో పంపేవాళ్ల మీద. వాళ్లలో ఒక్కడూ పాయింట్ టూ టూ లాంటి రిమ్‌ఫైర్ (అంచు మీద దెబ్బ తగిలితే పేలే) ఖోకాను చేతిలో పట్టుకుని సరిగ్గా చూసి ఉండడు.

అపోహ: పెద్ద రైఫిల్ తూటాలు రీలోడ్ చేస్తారు కాబట్టి పాయింట్ టూ టూ కూడా చేయొచ్చు, చిన్నది కాబట్టి ఇంకా సులువు.

డబ్బునూ వేళ్లనూ పోగొట్టేది ఇదే, అందుకే దీని మీదే ఎక్కువ రాస్తున్నాను.

ఆయన తెచ్చిన కుప్పలోంచి ఒక ఖోకా తీసి ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూపించాను. పొడవు సెంటీమీటరున్నర, అడుగున చుట్టూ సన్నటి అంచు, అదే రిమ్. ఆ అంచు మీద ఒకచోట గోరుతో నొక్కినట్టు చిన్న సొట్ట ఉంటుంది. ఫైరింగ్ పిన్ కొట్టిన దెబ్బ అది. పెద్ద రైఫిళ్ల సెంటర్‌ఫైర్ తూటాకైతే అడుగున మధ్యలో ప్రైమర్ అని విడిగా ఒక చిన్న కప్పు ఉంటుంది, కాలిపోయాక దాన్ని తీసేసి కొత్తది పెడతారు. రిమ్‌ఫైర్‌లో తీయడానికి ఏమీ లేదు. నిప్పు పుట్టించే మందు ఆ మడత అంచు లోపలే చుట్టూ పరుచుకుని ఉంటుంది. పిన్ దెబ్బకు అంచు నలిగితేనే అది అంటుకుంటుంది, నలగాలి కాబట్టే ఇత్తడిని అంత పల్చగా చేస్తారు. ఒకసారి పేలిన ఖోకాకు అంచు నలిగి ఉంటుంది, లోపలి మందు కాలిపోయి ఉంటుంది, పల్చటి ఇత్తడి ఒత్తిడికి సాగి ఉంటుంది. ఒక్క దెబ్బ కోసం చేసిన వస్తువు అది.

ఫ్యాక్టరీలో ఆ మందును తడిగా ఉన్నప్పుడే ఖోకాలో వేసి, గిర్రున తిప్పి అంచులోకి ఎక్కించి, తర్వాత ఆరబెడతారు. తడిగా ఎందుకంటే పొడిగా ఉన్నప్పుడు అది రాపిడికీ దెబ్బకూ ఊరుకోదు. తూటాలోని మామూలు మందుకు నిప్పు తగిలించాలి, దీనికి గీకుడు చాలు. ఇంట్లో నింపుతాననే మనిషి అలాంటిదాన్ని సెంటీమీటరున్నర గొట్టంలోకి పుల్లతో తోస్తానంటున్నాడు, అదీ పిల్లలు తిరిగే ఇంట్లో, వంటగది పక్కన. ఏ మందు, ఎంత, ఎలా అన్నది నేను ఇక్కడ రాయను. ఎవరు అడిగినా చెప్పను.

దేవరకొండ వైపు మాకు దూరపు చుట్టం ఒకాయన ఉన్నాడు. చేలో అడవి పందుల బాధ పడలేక నాటు బాంబు తయారు చేస్తూ కుడిచేతి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. అది తూటా కాదు, కానీ కథ అదే: పొడి మందు, చేత్తో నొక్కడం, "ఎన్నోసార్లు చేసిన, ఏమైతది" అన్న ధీమా. ఇప్పుడు ఆయన అన్నం ఎడమ చేత్తో కలుపుకుంటాడు. ఈ సంగతి చెప్పినప్పుడు మిర్యాలగూడ అన్న మొహంలో రంగు మారింది. భయపెట్టాలని చెప్పలేదు, తెలియాలని చెప్పాను.

అసలు ప్రపంచంలో ఎవరూ చేయలేదా అంటే చేశారు. 2013 ప్రాంతంలో అమెరికాలో పాయింట్ టూ టూ తూటాలకు కరువొచ్చింది, అప్పుడు కొందరు ఆ పని మొదలుపెట్టారు, దానికి కిట్లు కూడా అమ్ముతున్నారు. గంటల తరబడి కూర్చుంటే చేతికొచ్చేవి కాసిని, అందులోనూ కొన్ని పేలవు, కొన్ని సగం పేలతాయి. మామూలు తూటా చవగ్గా దొరికే రోజుల్లో అక్కడ కూడా జనం ఆ జోలికి పోరు. మనం చూసే వీడియోల్లో కనిపించేది ఆ పేలిన ఒక్క తూటాయే.

సగం పేలడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. మందు సరిగ్గా అంటుకోకపోతే గుండు నళికలోనే ఇరుక్కుంటుంది. టప్‌మని చిన్న శబ్దం వస్తుంది, పిల్ల అది మిస్‌ఫైర్ అనుకుని బోల్ట్ లాగి ఇంకో రౌండ్ పెట్టి కొడుతుంది. ముందు గుండు అడ్డంగా ఉన్న నళికలో రెండో గుండు. అదృష్టం బాగుంటే నళిక ఉబ్బి లక్షల రూపాయల రైఫిల్ పోతుంది, బాగుండకపోతే ఏమవుతుందో రాయాలనిపించడం లేదు. రైఫిల్‌కు చెంప ఆనించి ఉండేది మన పిల్ల.

అపోహ: మ్యాచ్‌కు కాకపోయినా ప్రాక్టీసుకు పనికొస్తుంది.

దీనికి లెక్కతో జవాబు చెప్తాను. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే మధ్య వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా గుండీ అంత. పాయింట్ టూ టూ మ్యాచ్ తూటా సెకనుకు 330 మీటర్ల దగ్గర వెళ్తుంది. ఆ వేగం ఒక 10 మీటర్లు తగ్గితే చాలు, 50 మీటర్ల దగ్గర దెబ్బ దాదాపు 7 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. నడి మధ్యలో తగలాల్సింది పది అంచుకు జారుతుందన్నమాట. చేత్తో నింపిన రౌండ్లలో తేడా అంతకు ఎన్ని రెట్లు ఉంటుందో ఊహించుకోండి. పిల్ల తొమ్మిది కొట్టి, తప్పు తన శ్వాసలో ఉందా, ట్రిగ్గర్ వేలులో ఉందా అని వెతుక్కుంటుంది. లేని తప్పును దిద్దుకుంటూ ఉన్న పద్ధతి పాడు చేసుకుంటుంది. నా దగ్గర ఒక కుర్రాడికి నాసిరకం పాత తూటాలతోనే ఇలా జరిగింది, మూడు నెలలు ఆ టెన్షన్‌లో రాత్రుళ్లు ఏడ్చాడని తర్వాత వాళ్లమ్మ చెప్పింది. లాట్ (ఒకే విడతలో తయారైన తూటాలు) మార్చగానే గ్రూపింగ్, అంటే దెబ్బలు పడే చోటు, తిరిగి దగ్గరకొచ్చింది.

ఫ్యాక్టరీ తూటాల్లోనే లాట్ లాట్‌కూ తేడా ఉంటుంది. అందుకే పెద్ద షూటర్లు రైఫిల్‌ను తూటాల కంపెనీలైన ఎలీ వాళ్ల బర్మింగ్‌హామ్ రేంజ్‌కో లాపువా వాళ్ల జర్మనీ రేంజ్‌కో తీసుకెళ్లి, తమ నళికకు ఏ లాట్ సరిపోతుందో కొట్టి చూసుకుని మరీ కొంటారు. పారిస్‌లో 2024లో మన స్వప్నిల్ కుసాలేకు కాంస్యం వచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్ (మూడు భంగిమల్లో కొట్టే పోటీ) ఈ తూటాతో ఆడేదే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన 25 మీటర్ల పిస్టల్ కూడా అంతే.

అపోహ: రైఫిల్‌కు లైసెన్స్ ఉంటే తూటా చేసుకోవడం మన ఇష్టం.

కాదు. తుపాకీ దగ్గర పెట్టుకునే లైసెన్స్ వేరు, తూటా తయారీ లైసెన్స్ వేరు. ఆయుధ చట్టం 1959 సెక్షన్ 5 తయారీకి విడిగా అనుమతి అడుగుతుంది. అది లేకుండా చేస్తే సెక్షన్ 25 ఉంది, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా. బామ్మర్ది లేత్ సంగతి వినగానే నా గుండె జారింది అందుకే. ఆ మనిషి మంచికే అన్నాడు, ఆయనకు ఈ సెక్షన్లు ఎవరు చెప్పారు? లైసెన్స్ పుస్తకంలో ఎన్ని తూటాలు కొనాలో కూడా రాసి ఉంటుంది, ప్రతిదానికీ లెక్క ఉండాలి. ఎన్‌సీసీలో మాకు ఐదు రౌండ్లిస్తే ఐదు ఖోకాలు అప్పజెప్పేదాకా ఉస్తాద్ చాప మీద నుంచి లేవనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒక ఖోకా గడ్డిలో పడితే బ్యాచ్ అంతా ఎండలో మోకాళ్ల మీద గంటసేపు వెతికాం. ఖోకా రేంజ్ సొత్తు, ఇంటికి తేవద్దు.

మిగతావి చకచకా చెప్పేస్తా. పాయింట్ టూ టూ బొమ్మ తుపాకీ అంటారు, పెట్టె మీదే ఒకటిన్నర మైలు దాకా ప్రమాదమని అచ్చు వేస్తారు, చదవండి. ఖాళీ రైఫిల్‌తో ఎన్నిసార్లు ట్రిగ్గర్ నొక్కినా ఏం కాదంటారు, చాలా రిమ్‌ఫైర్ రైఫిళ్లలో పిన్ పోయి చాంబర్ అంచును కొట్టి పాడు చేస్తుంది, రైఫిల్‌కు ఖాళీగా నొక్కే ఏర్పాటు ఉంటేనే చేయాలి. పేలని రౌండ్‌ను కటింగ్ ప్లేయర్‌తో విప్పి చూడకండి, నళిక టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగి, రేంజ్ ఆఫీసర్‌ను పిలిచి ఆయన చెప్పాకే బోల్ట్ తీయండి. మే నెలలో మన నల్లగొండ ఎండకు కారు డిక్కీలో పెట్టెలు వదలకండి. సీసం గురించి భయపడే తల్లులకు ఒక మాట: భయం న్యాయమే, కానీ కొట్టాక సబ్బుతో చేతులు కడుక్కుని, రేంజ్‌లో ఏమీ తినకుండా, ఇంటికెళ్లి బట్టలు మార్చుకుంటే చాలావరకు జాగ్రత్త పడినట్టే.

ఇక ఖర్చు. ఆ అన్నకు చెప్పిందే రాస్తున్నా. నిలబడటం, శ్వాస, ట్రిగ్గర్ తూటా లేకుండానే వస్తాయి. డ్రై ప్రాక్టీస్ (ఖాళీ రైఫిల్‌తో సాధన) రోజూ గంట, ఎయిర్ రైఫిల్ వారానికి నాలుగు రోజులు, తూటాతో ఒక్కరోజే, అదీ 40 రౌండ్లు, ప్రతిదీ డైరీలో రాసుకుంటూ. పాయింట్ 177 ఎయిర్ రైఫిల్ 20 జూళ్ల శక్తి లోపుదైతే లైసెన్స్ కూడా అక్కర్లేదు, పెల్లెట్ ఖర్చు తూటాతో పోలిస్తే ఎంతో తక్కువ. తూటాలు నలుగురు పిల్లలకు కలిపి క్లబ్ ద్వారా ఒకే లాట్ తెప్పించుకుంటే రవాణా భారం పంచుకోవచ్చు, లాట్ కూడా మారదు.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఖోకాలన్నీ మళ్లీ కవర్లోకి ఎత్తుకున్నాడు, బల్ల కింద పడ్డ రెండు కూడా వంగి వెతికి తీశాడు. "ఆదివారం పిల్లను తీస్కపోయేటప్పుడు రేంజ్‌ల ఇచ్చేస్త సార్. మరి ఆ డ్రై ప్రాక్టీస్ ఇంట్లనే చేయొచ్చా, గోడకు టార్గెట్ ఎంత ఎత్తుల పెట్టాలె?" అని అడిగాడు. టేప్ తీసుకుని ఇద్దరం గోడ దగ్గరికి వెళ్లాం.