ఆడించడానికి అంత చదువా?

చిట్టికీ, తమ్ముడికీ, మీ వెనకాల తిరిగే మిగతా పిల్లలందరికీ ఆశీస్సులు.

చిట్టీ, నీ ఉత్తరంలో మిగతా కబుర్లు పక్కన పెట్టి, చివర్లో కోపంగా రాసిన ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. "తమ్ముడికి ‘ర’ పలకడం లేదని స్పీచ్ థెరపీ చేసే అక్క దగ్గరికి తీసుకెళ్తున్నారు. ఆమె వాడితో ముప్పావు గంట బొమ్మల కార్డులు ఆడి పంపించేస్తుంది. ఆ ఆట నేనూ ఆడించగలను. దానికోసం ఆమె డిగ్రీ చదివి, ఆ పైన ఇంకో రెండేళ్లు చదివిందట! ఎందుకు తాతయ్యా?" అన్నావు.

ముందు ఆ ఆట సంగతే చూద్దాం. నువ్వు రాసినదాన్నిబట్టి, ఒక కార్డు మీద కారు ఉంది, ఇంకోదాని మీద కాలు. తమ్ముడికి కారు కావాలి. "కాలు" అన్నాడు. ఆమె నవ్వలేదు, దిద్దలేదు, కాలు బొమ్మ తీసి చేతిలో పెట్టింది. వాడు "అది కాదు, కాలు!" అని గింజుకున్నాడు. ఆమె మళ్లీ కాలే ఇచ్చింది. తర్వాత వేరు, వేలు. అక్కడా అదే గొడవ. నీకది ఏడిపించడంలా కనబడింది. కానీ ఇంట్లో ఏం జరుగుతుందో గుర్తుచేసుకో. వాడు "కాలు" అన్నా మనం కారే ఇస్తాం. ముద్దు కొద్దీ అర్థం చేసేసుకుంటాం. అడిగింది చేతికి వచ్చేస్తుంటే వాడు నాలుకని ఎందుకు శ్రమపెడతాడు? తను అనుకున్నది ఒకటి, బయటికి వచ్చింది ఒకటి అని వాడికి ఆ బల్ల దగ్గర మొదటిసారి తెలిసింది. వాడి గింజుకోవడమే అక్కడ సగం వైద్యం.

అయితే ఈ ఆట అందరు పిల్లలకీ పనికిరాదు. వాడికి చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా, ర–ల మధ్య తేడా చెవికి తెలుస్తోందా, నాలుక కొస పైకి లేస్తోందా, మిగతా అక్షరాలు ఎలా ఉన్నాయి అన్నవన్నీ చూశాకే ఆ కార్డులు బయటికొచ్చాయి. "మొదటి రోజు ఏమీ చేయలేదు, ఊరికే కబుర్లు చెప్పించింది" అని రాశావే, ఆ రోజే ఆమె అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

ఇది అర్థం కావాలంటే మా బడి తోటమాలి గురించి చెప్పాలి. నా చిన్నప్పుడు మా బడిలో పెద్ద తోట ఉండేది. సాయంత్రం మొక్కలకి నీళ్లు పెట్టడం మా వంతు. పొడుగాటి రబ్బరు పైపు, ఎక్కడో మూల కుళాయి. మధ్యలో నీళ్లు సన్నబడితే అందరం పైపు చివరికి పరిగెత్తేవాళ్లం. ఒకడు కన్నంలోకి చూసేవాడు, ఒకడు పుల్ల పెట్టి పొడిచేవాడు, ఇంకొకడు నోరు పెట్టి పీల్చి మొహమంతా తడుపుకునేవాడు. తోటమాలి వచ్చి, నీళ్లు పడే చప్పుడు కాసేపు విని, ఏమీ మాట్లాడకుండా పైపు వెంట వెనక్కి నడిచేవాడు. ఒకసారి చెట్టు మొదట్లో మడత. ఒకసారి గడ్డిలో చిల్లు. ఒకసారి ఎవరో కుళాయి సగం కట్టేసి పోయారు. మాకు ఆ మూడూ ఒకటే, చివర నీళ్లు రావడం లేదు! ఆయనకి మాత్రం మూడు రకాల చప్పుడు. ఎలా తెలుస్తుందని అడిగితే "వింటే తెలుస్తుంది" అనేవాడు. అంతకుమించి చెప్పడం ఆయనకి చేతకాదో, ఇష్టం లేదో!

మాట కూడా ఆ పైపులో నీళ్ల లాంటిదే. ఊపిరితిత్తులు గాలిని తోస్తాయి. గొంతులో స్వరతంతువులని రెండు చిన్న మడతలున్నాయి. గాలి వాటి మధ్య నుంచి దూరేటప్పుడు అవి కొట్టుకుంటాయి. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకి సుమారు 120 సార్లు, ఆడవాళ్లలో 200, మీలాంటి పిల్లల్లో 300 దాకా. (మా పైపులో ఇలా కొట్టుకునేది ఏదీ లేదనుకో. అయినా ఈ పోలిక వదలను.) ఆ పైన నాలుకా పెదవులూ అంగిలీ, పైపు చివర మనం పెట్టే బొటనవేలి పని చేస్తాయి. వేలు కొంచెం జరిపితే ధార మారిపోతుంది కదా. పెదవులు మూసి వదిలితే ‘ప’. నాలుక వెనక భాగం పైకెత్తి వదిలితే ‘క’. ‘ల’ అనడానికి నాలుక కొసని పళ్ల వెనక ఆనించి ఉంచి గాలిని పక్కల నుంచి పోనివ్వాలి. ‘ర’ కి అలా ఆనించి కూర్చుంటే కుదరదు, తగిలీ తగలనట్టు కొట్టి వెంటనే వెనక్కి వచ్చేయాలి. ఆ ఒడుపు చాలామంది పిల్లలకి ఆలస్యంగానే పట్టుబడుతుంది.

ఆ స్వరతంతువులని బతికున్న మనిషి గొంతులో మొదట చూసినవాళ్లలో ఒకాయన వైద్యుడే కాదు తెలుసా! మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు. 1854లో పళ్ల వైద్యులు వాడే చిన్న అద్దాన్ని తన గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండని లోపలికి మళ్లించి, పాడుతూ తన గొంతు తనే చూసుకున్నాడు. మరుసటి ఏడాది ఆ సంగతులు లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీ ముందుకు వెళ్లాయి. ఎన్ని వేల ఏళ్లుగా మనుషులు పాడుతున్నారో, ఆ పాట ఎక్కడ పుడుతోందో అప్పటిదాకా దాదాపు ఎవరూ సరిగ్గా చూడలేదు! ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఇంకేమీ రాయబుద్ధి కాదు. సరే, పైపు దగ్గరికి వద్దాం.

కొందరు పిల్లలు అంగిలి చీలి పుడతారు. అది చిల్లు. గాలి నోట్లో నిలవకుండా ముక్కులోకి కారిపోతుంది, ‘ప’ కి కావాల్సిన ఒత్తిడి రాదు. సర్జన్ చిల్లు పూడుస్తాడు, కానీ అంతకుముందు పడిన అలవాటు నాలుకకి అలాగే ఉండిపోవచ్చు. దాన్ని మాన్పించడం స్పీచ్ వాళ్ల పని.

కొన్నిసార్లు పైపు మొత్తం బాగుంటుంది, కుళాయి దగ్గర తేడా ఉంటుంది. మాటకి కుళాయి మెదడులో ఉంది. పారిస్‌లో ఒక రోగి ఇరవై ఏళ్లకి పైగా "టాన్" అన్న ఒక్క ముక్క తప్ప పలకలేకపోయాడు. ఎదుటివాళ్లు చెప్పింది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా అనే డాక్టరు అతని మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. 1874లో కార్ల్ వెర్నికే దీనికి తిరగేసిన రోగం గురించి రాశాడు. వాళ్లు గడగడా మాట్లాడతారు, మాటల్లో అర్థం ఉండదు, ఎదుటివాళ్లు అన్నదీ తలకెక్కదు. నీళ్లు ధారాళంగా వస్తున్నాయి, పోస్తున్నది మాత్రం మొక్కకి కాదు, గోడకి. పక్షవాతం వచ్చి మాట పోయిన పెద్దవాళ్లకి మీ స్పీచ్ అక్క లాంటివాళ్లే మళ్లీ మాట నేర్పుతారు. అందుకని మెదడు గురించి కూడా చదవాలి.

ఇంకో సంగతి చెబితే నమ్మవు. వాళ్లు మింగడం గురించి కూడా చదువుతారు! మన గొంతులో గాలి దారీ తిండి దారీ కాసేపు ఒకటే. గుటక వేసిన ప్రతిసారీ ఊపిరి ఆగి, గాలి దారి మూసుకుంటుంది. జబ్బు చేసిన కొందరిలో ఆ మూత సరిగ్గా పడక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. కొందరికి దగ్గు కూడా రాదు, అదే ప్రమాదం. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే మందు కలిపిన గుక్క మింగించి, ఎక్స్‌రే వీడియోలో అది ఎటు పోతోందో చూస్తారు. మాటకీ మింగడానికీ వాడే భాగాలు చాలావరకు అవే కాబట్టి ఈ పనీ వాళ్ల మీదే పడింది.

ఇదంతా పుస్తకాల్లో ఉంది. పుస్తకం చదవడానికి అన్నేళ్లు అక్కర్లేదని నువ్వంటావు. నిజమే. ఎక్కువ కాలం పట్టేది చెవికి. మన చెవికి ఒక మర్యాద ఉంది: ఎదుటివాడు తప్పు పలికినా లోపల సరిచేసుకుని వింటుంది. స్పీచ్ చదివేవాళ్లు ముందు ఆ మర్యాద మానుకోవాలి. పిల్లాడు చెప్పాలనుకున్న మాట కాదు, వాడి నోట్లోంచి వచ్చిన శబ్దం మాత్రమే రాసుకోవాలి. ప్రపంచంలోని భాషలన్నిటి శబ్దాలూ రాయడానికి 1888లో మొదలైన ఒక లిపి ఉంది, దాంట్లో రాస్తారు. పది నిమిషాల కబుర్లు రాయడానికి గంటల కొద్దీ కూర్చుంటారు, అదే రికార్డింగు మళ్లీ మళ్లీ పెట్టుకుని. నాలాంటివాడికి పట్టదు ఆ ఓపిక.

తర్వాత మనుషుల దగ్గరికి వెళ్లాలి. ఈ చదువు నియమాలు దేశానికో రకం. అమెరికాలో డిగ్రీ అయ్యాక మాస్టర్స్ తప్పదు. అక్కడి వృత్తి సంఘం ఇచ్చే సర్టిఫికెట్ కావాలంటే 400 గంటలు శిక్షణ ఉండాలి. అందులో 25 గంటలు పక్కన కూర్చుని చూడటం, 375 గంటలు స్వయంగా మనుషులతో పనిచేయడం. చాలాచోట్ల గదికి ఒకవైపు నుంచే కనబడే అద్దం ఉంటుంది. అటువైపు కూర్చుని టీచరు చూస్తూనే ఉంటుంది. చేతులు చల్లబడిపోతాయట, అంత టెన్షన్. ఆ పైన ఒక పరీక్ష, కనీసం 36 వారాలు, 1260 గంటలు పెద్దవాళ్ల కనుసన్నల్లో ఉద్యోగం. బ్రిటన్‌లో డిగ్రీతోనే పనిలో చేరవచ్చు. మన దేశంలో నాలుగేళ్ల డిగ్రీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, కావాలంటే ఆ పైన రెండేళ్ల పీజీ. మైసూరులో ఇందుకోసమే 1965లో ఒక జాతీయ సంస్థ పెట్టారు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది నత్తి క్లాసులో ఇచ్చే హోంవర్కు. చాలా కాలేజీల్లో విద్యార్థులని బజారుకి పంపి, ముక్కూమొహం తెలియనివాళ్లతో కావాలనే నత్తిగా మాట్లాడమంటారు. ఎదుటివాడు చూపు తిప్పుకుంటాడు, లేదా వాక్యం తనే పూర్తిచేసేస్తాడు. అది ఎలా ఉంటుందో తెలిసి రమ్మని.

నా పక్క బెంచీలో ఒకడుండేవాడు. అందరితో కలిసి పద్యం చదివితే ఒక్క అక్షరం తడబడేది కాదు. ఒంటరిగా లేచి పేరు చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేవాడు. "పద్యానికి లేని నత్తి పేరుకెలా వచ్చింది, దొంగ వేషాలు!" అని ఒక మాస్టారు అరిచేవాడు. వేషం కాదు. నత్తి ఉన్నవాళ్లలో చాలామందికి నలుగురితో కలిసి చదివేటప్పుడు మాట సాఫీగా వస్తుంది. నత్తి చాలాసార్లు కుటుంబాల్లో నడుస్తుంది. భయం వల్ల పుట్టదు, భయపెడితే పెరుగుతుంది. ఈ వృత్తికి దారి వేసినవాళ్లలో ఒకరైన చార్లెస్ వాన్ రైపర్‌కి స్వయంగా నత్తి. 1936లో అమెరికాలో ఒక కాలేజీలో క్లినిక్ పెట్టి, జీవితమంతా అదే పని చేశాడు. పూర్వం గ్రీసులో డెమోస్తనీస్ అనే వక్త నోట్లో గులకరాళ్లు పెట్టుకుని మాట చక్కబరుచుకున్నాడని ప్లూటార్క్ అనే పాతకాలపు రచయిత రాశాడు. మీరెవరూ ఆ పని చేయకండి. పైపు చివర పుల్ల పెట్టి పొడవడమే అది. మీ క్లాసులో నత్తి ఉన్నవాడెవడైనా మాట్లాడుతుంటే వాడి మొహంలోకి చూస్తూ ఆగండి. వాడి మాట మీరు పూర్తిచేయకండి. ఇంతకన్నా నీతులు చెప్పను.

చిట్టీ, ఈసారి వెళ్లినప్పుడు స్పీచ్ అక్కని అడిగి ఓ మూల కూర్చో. తమ్ముణ్ణి కాదు, ఆమెని చూడు. ఆమె కళ్లు వాడి నోటి మీద ఎక్కడుంటాయో, అడిగాక ఎంతసేపు నోరు మూసుకుని ఉంటుందో చూడు. తెలిసిన జవాబు చెప్పకుండా ఊరుకోవడం నీకెంత కష్టమో నాకు తెలుసు!

ఈలోగా అందరికీ ఒక పని. ముక్కు గట్టిగా మూసుకుని "అమ్మ" అనండి, జలుబు చేసినవాళ్లలా "అబ్బ" అని వస్తుంది. తర్వాత చేతి అద్దం ఒకటి తీసుకుని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి. చల్లబడ్డాక ముక్కు కింద అడ్డంగా పట్టుకుని "మ్‌మ్‌మ్" అనండి. ఆవిరి పడుతుంది. తుడిచి, "పాపాపా" అనండి. ఆ గాలి నోట్లోంచి వస్తుంది కాబట్టి అద్దం నోటికి అడ్డం రాకూడదు, ముక్కు కిందే ఉండాలి. తేడా ఎందుకొచ్చిందో నేను చెప్పను. నోరు బాగా తెరిచి టార్చి వేసి, "ఆ" అంటున్నప్పుడు అంగిలి వెనకభాగం ఏం చేస్తోందో ఒకరిది ఒకరు చూసుకోండి. అద్దం కోసం కొట్టుకోకండి. వర్ణమాల మొత్తం వరసగా పలికి, ఏ అక్షరాలకి అద్దం మసకబారిందో కాగితం మీద రాసి పంపండి. తమ్ముడి జాబితా విడిగా రాయండి, వాడు ఎలా పలికితే అలా.

మీ తాతయ్య