అచ్చు పోసే నెల, ఆంక్ష వచ్చే నెల: గోదావరి సరిహద్దులో గణపతి నిమజ్జనం వెనుక చరిత్ర

భాద్రపదం దగ్గర పడేసరికి మహారాష్ట్ర సరిహద్దు తాలూకాలైన ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్, రాజురా, సిరోంచలలో ఏటా ఒకే ప్రశ్న లేస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన గణపతిని నదిలో కలపవచ్చా, కలపకూడదా? ఆ ప్రశ్న లేచే నాటికే విగ్రహాలు తయారై, రంగులు ఆరి, బయానా ఇచ్చిన మండళ్ల (వీధి గణపతిని నిలిపే ఉత్సవ సంఘాల) పేర్లతో షెడ్లలో నిలబడి ఉంటాయి. ఈ వివాదాన్ని భక్తికీ పర్యావరణానికీ మధ్య తగాదాగా చెప్పడం అలవాటైంది గానీ, మొదటి నుంచి దాని చరిత్రను చూస్తే అసలు చిక్కు నెలల లెక్కలో ఉందని తెలుస్తుంది. విగ్రహాన్ని దేనితో చేయాలన్న నిర్ణయం మాఘ, ఫాల్గుణ మాసాల్లోనే జరిగిపోతుంది. దాన్ని కట్టడి చేసే ఉత్తర్వు మాత్రం తరచుగా శ్రావణంలోనో, పండుగ ముందురోజునో వస్తుంది.

ఈ ప్రాంతంలో వినాయకుడి పండుగకు రెండు పాయలున్నాయి. నాందేడ్ జిల్లా 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. రాజురా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో విడిపోయి చివరకు చంద్రపూర్‌లో చేరింది. సిరోంచ పందొమ్మిదో శతాబ్దంలో కొంతకాలం బ్రిటిష్ వారి ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండి, తర్వాత చాందాలో (ఇప్పటి చంద్రపూర్) కలిసి, 1982లో ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చింది. అందువల్ల ఇక్కడి తెలుగు కుటుంబాలలో ఇంట్లో చేసుకునే వినాయక చవితి తెలుగు వ్రతకల్పం ప్రకారం నడుస్తుంది, వీధిలో మాత్రం మరాఠీ పద్ధతి మండళ్లు, వర్గణి (చందా) వసూళ్లు, అనంత చతుర్దశి విసర్జన ఉంటాయి.

ఇంటి పూజలో విగ్రహం చిన్నది. కుమ్మరి ఇచ్చిన మెత్తటి మట్టిని చెక్క అచ్చులో ఒత్తి తీసినదో, ఇంట్లోవాళ్లే చేత్తో చేసుకున్నదో పీట మీద కూర్చునేది. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, మామిడి, గన్నేరు, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు వంటి ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ జరిగేది. వీటిలో చాలావరకు ఊరి పొలిమేరల్లో దొరికేవే, పిల్లలు తెల్లవారుజామున వెళ్లి తెచ్చేవే. పూజ ముగిశాక మట్టి, పత్రి కలిసి బావిలోకో చెరువులోకో వెళ్లేవి. నీటికి కొత్తగా చేరేది ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే ఆ మట్టి వచ్చింది ఆ చెరువు నుంచే. ఇప్పుడు బజారులో పత్రి పేరుతో అమ్మే కట్టల్లో ఇరవై ఒక్క రకాలు ఉండడం అరుదు. ఏ చెట్టు చేతికి అందితే దాని కొమ్మలు నరికి కట్టలు కడుతున్నారు. విగ్రహం గురించి ఇంత చర్చ జరుగుతున్నా ఈ కొమ్మల గురించి ఎవరూ అడగకపోవడం బాధాకరం.

వీధి పండుగ చరిత్ర వేరు. పుణేలో భావుసాహెబ్ రంగారీ 1892లో సార్వజనిక గణపతిని నెలకొల్పారు. 1893 నుంచి బాలగంగాధర తిలక్ దానిని పెద్ద ప్రజా ఉత్సవంగా మలిచారు. పీష్వాల కాలంలో కోటలకు, ఆ తర్వాత ఇళ్లకు పరిమితమైన పూజ ఉపన్యాసాలతో, మేళాలతో వీధిలోకి వచ్చింది. అయితే ఆ తొలి దశాబ్దాలలో విగ్రహాలు చాలావరకు మట్టితో తయారయ్యేవి, ఎత్తు కూడా మనిషి మోయగలిగినంతే. హైదరాబాద్ వైపు నుంచి వచ్చిన ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది: ఖైరతాబాద్‌లో 1954లో మొదలైన గణపతి ఒక్క అడుగు విగ్రహం. తరవాతి కాలంలో అది పదుల అడుగులకు పెరిగింది. ముంబై, పుణేల పోటీ ఒక పక్క, హైదరాబాద్ పోటీ ఇంకో పక్క సరిహద్దు ఊళ్లలోని మండళ్లను ఎత్తు వైపు నెట్టాయి. ఎత్తు పెరగడమే ఈ కథలో మలుపు, ఎందుకంటే పదిహేను అడుగుల మట్టి విగ్రహాన్ని వానాకాలంలో ఆరబెట్టడం, ట్రాక్టరు మీద గతుకుల రోడ్డులో విరగకుండా తీసుకుపోవడం ఏ కుమ్మరికైనా కష్టం.

ఆ కష్టాన్ని తీర్చింది ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సం ఖనిజాన్ని సుమారు 150 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేసి, అందులోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోగొడితే వచ్చే తెల్లని పొడి అది. నీళ్లు కలిపితే తిరిగి జిప్సంగా గట్టిపడుతుంది. రాజస్థాన్ గనుల్లో జిప్సం పుష్కలంగా దొరుకుతుంది కనుక పొడి చవక. షెడ్డులో పని ఇలా సాగుతుంది: రబ్బరు అచ్చు లోపలి గోడకు పలచని పిండిని చల్లి, దాని మీద కొబ్బరి పీచు పరచి, మళ్లీ పిండి పూస్తారు. అరగంట గడిచేలోగా అచ్చు విప్పవచ్చు. తల, తొండం, చేతులు విడివిడిగా పోసి అతికించి, ఇసుక కాగితంతో నునుపు చేసి, స్ప్రేతో రంగు కొడతారు. లోపల బోలుగా ఉంటుంది కనుక విగ్రహం తేలిక, ఎంత దూరమైనా పోతుంది. ఒకే అచ్చు నుంచి వందల విగ్రహాలు వస్తాయి. గత నాలుగైదు దశాబ్దాలలో ఈ పని ఒక పరిశ్రమ అయింది; హైదరాబాద్‌లోని ధూల్‌పేట వంటి చోట్ల వేల కుటుంబాలకు అదే జీవనాధారం. అచ్చులు వేయడం చలికాలం చివర్లోనే మొదలవుతుంది. ఉగాది వచ్చేసరికి పెట్టుబడి అంతా పిండిలో, రంగుల్లో, కూలీలో పడిపోయి ఉంటుంది.

నీటిలో దీని ప్రవర్తన మట్టికి పూర్తిగా భిన్నం. మట్టి గంటల్లో నాని విడిపోతుంది. గట్టిపడిన జిప్సం మాత్రం లీటరు నీటిలో రెండు, రెండున్నర గ్రాములకు మించి కరగదు, అదీ చాలా మెల్లగా. రంగులు మరింత హానికరం: ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, నీలి రసాయన రంగుల్లో సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం ఉండే అవకాశం ఉంది, ఇవి అడుగు బురదలో చేరి చేపల శరీరాల్లోకి వెళ్తాయి. వరద తగ్గాక ప్రాణహిత ఇసుక మీద నడిచిన వారికి మిగిలేదేమిటో తెలుసు. పీచు వేలాడుతున్న చేతులు, రంగు సగం పోయిన కిరీటాలు, తుప్పు పట్టిన ఇనుప చట్రాలు, వాటికి చిక్కుకున్న నైలాన్ దండలు కనిపిస్తాయి. పదిరోజులు చేతులు జోడించి నిలబడిన మూర్తిని ఆ స్థితిలో చూడడం భక్తుడికీ ఇష్టం ఉండదు. చంద్రపూర్ కోటలో గోండు రాజుల నాటి రామాళా తలావ్ వంటి నిల్వ నీటి చెరువుల్లో అయితే వీటిని కొట్టుకుపోయేలా చేసే ప్రవాహమూ ఉండదు.

నది సరిహద్దు దాటుతుందన్న సంగతి ఈ చర్చలో తరచుగా మరుగున పడుతుంది. తెలంగాణలోని కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలుస్తుంది, అవతలి ఒడ్డు మహారాష్ట్ర. ధర్మాబాద్ తాలూకాలోని బాబ్లీ బ్యారేజీ మీద 2013 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఏటా జూలై 1 నుంచి అక్టోబర్ 28 వరకు గేట్లు ఎత్తి ఉంచాలి. వినాయక నిమజ్జనం ఎప్పుడూ ఆ రోజుల మధ్యలోనే వస్తుంది. కాబట్టి నాందేడ్ నుంచి ధర్మాబాద్ వరకు గోదావరిలో కలిపినదానిలో తేలేదీ, కరిగేదీ తెలంగాణలోని శ్రీరామసాగర్ జలాశయం వైపు వెళ్తుంది. అదే విధంగా ప్రాణహితకు ఒక గట్టున సిరోంచ తాలూకా, ఇంకో గట్టున తెలంగాణ పల్లెలు ఉన్నాయి, నీళ్లు రెండింటివీ. ఒక ఒడ్డున ఉన్న నియమం ఇంకో ఒడ్డున లేకపోతే విగ్రహం ఆవలి ఒడ్డుకు చేరడానికి ఒక వంతెన చాలు.

నియమాల చరిత్రలో తేదీలు చూడాలి. నదుల కాలుష్యాన్ని నిషేధించే చట్టం 1974లోనే వచ్చింది. విగ్రహాల నిమజ్జనం మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2010లో మార్గదర్శకాలు ఇచ్చి, మట్టిని ప్రోత్సహించమని, పూలు, బట్టలు ముందే తీసివేయమని, వేరే కుంటలు ఏర్పాటు చేయమని చెప్పింది. పదేళ్ల తర్వాత, 2020 మే 12న వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, థర్మకోల్, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ విగ్రహాలను పూర్తిగా వద్దంది. ఆ ఏడాది చవితి ఆగస్టు 22న. అప్పటికే సరుకు తయారై ఉంది, పైగా కరోనా. పది రోజులు తిరిగేసరికి నిషేధాన్ని ఏడాది వాయిదా వేశారు. 2021లో హుస్సేన్ సాగర్‌లో ఈ విగ్రహాల నిమజ్జనాన్ని ఆపుతూ తెలంగాణ హైకోర్టు ఆదేశం ఇచ్చింది సెప్టెంబర్ 9న. చవితి సెప్టెంబర్ 10న. వారం తిరిగేసరికి సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏటికి అనుమతించవలసి వచ్చింది.

మహారాష్ట్రలోనూ ఇదే వరుస. 2025 జనవరి 30న బొంబాయి హైకోర్టు 2020 మార్గదర్శకాలను కచ్చితంగా అమలు చేయమంది. మాఘ మాసంలో జరిపే మాఘ గణపతి పండుగ మరి రెండు రోజుల్లో ఉన్నందువల్ల ముంబై శివార్లలో కొన్ని పెద్ద విగ్రహాలు నిమజ్జనం లేకుండా నెలల తరబడి ఉండిపోయాయి. శిల్పుల అభ్యర్థనల మీద ప్రభుత్వం అణు శాస్త్రవేత్త అనిల్ కాకోద్కర్ నేతృత్వంలోని రాజీవ్ గాంధీ శాస్త్ర సాంకేతిక కమిషన్‌ను అధ్యయనం చేయమంది. జూన్ 9న కోర్టు విగ్రహాల తయారీకి అనుమతించి, సహజ జలాల్లో నిమజ్జనాన్ని మాత్రం ఆపింది. జూలై 24న ఆరు అడుగుల వరకు ఉన్నవన్నీ కృత్రిమ కుంటల్లోనే కలపాలని, అంతకు మించినవాటిని 2026 మార్చి వరకు సహజ జలాల్లో కలపవచ్చని చెప్పింది. ఆ ఏడాది చవితి ఆగస్టు 27న. ఈ ఉత్తర్వుల ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను, కానీ ఉగాదికే పెట్టుబడి పెట్టినవాడికి అవి ఏమీ నేర్పలేవు. పైగా ఎత్తైన విగ్రహానికి మినహాయింపు ఇవ్వడం వల్ల నదికి ఎక్కువ బరువు పడేచోటే సడలింపు దొరికింది.

సమయానికి వచ్చిన నియమం పనిచేస్తుందనడానికి ఇదే రాష్ట్రంలో నిదర్శనం ఉంది. ప్లాస్టిక్, థర్మకోల్ మీద మహారాష్ట్ర ప్రభుత్వం 2018 మార్చి 23న ఉత్తర్వు ఇచ్చింది. చవితికి దాదాపు ఆరు నెలల వ్యవధి దొరకడంతో థర్మకోల్ మఖర్లు (విగ్రహం చుట్టూ పెట్టే అలంకార మండపాలు) చేసేవారిలో చాలామంది కాగితం, అట్ట, బట్టల వైపు మళ్లారు. ఎత్తు విషయంలోనూ అనుభవం ఉంది. కరోనా వల్ల 2020, 2021లో మహారాష్ట్రలో మండళ్ల విగ్రహం 4 అడుగులు, ఇంటి విగ్రహం 2 అడుగులు దాటకూడదన్నారు. ఉత్సవం ఆగలేదు, భక్తి తగ్గలేదు, ఆ ఎత్తు మట్టికి అందుబాటులో ఉన్న ఎత్తు. 2022లో ఆ పరిమితిని ఎత్తివేశారు. మట్టితో పెద్ద విగ్రహం అసాధ్యమని చెప్పేవారు అదే 2022లో ఖైరతాబాద్‌లో 50 అడుగుల గణపతిని మొదటిసారి మట్టితో చేసిన సంగతి కూడా గుర్తుంచుకోవాలి, అయితే అంత ఖర్చు తాలూకా ఊళ్ల మండళ్లు భరించలేవు.

రోజూ నదిలో కలిసే ఊళ్ల మురుగు ముందు పది రోజుల విగ్రహాలు ఎంత అన్న వాదన తప్పు కాదు. మురుగు భారమే పెద్దది. అయితే మురుగును శుద్ధి చేయడానికి కోట్ల రూపాయలు, ఏళ్ల సమయం కావాలి. విగ్రహం మార్చడానికి ఒక్క ఏడాది ముందు చూపు చాలు. కృత్రిమ కుంటలతోనూ పని పూర్తికాదు, నానని ముద్దను చివరకు ఎక్కడో పోయాలి. పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాల చెప్పిన అమ్మోనియం బైకార్బొనేట్ పద్ధతిలో విగ్రహం ఒకటి రెండు రోజుల్లో కాల్షియం కార్బొనేట్‌గా మారి, ఎరువుగా పనికొచ్చే అమ్మోనియం సల్ఫేట్ ద్రావణం మిగులుతుంది. చిన్న విగ్రహాలకు ఇది బాగానే ఉంటుంది గానీ రంగుల్లోని లోహాలు అలాగే ఉండిపోతాయి.

ఈ జిల్లాల తెలుగువారికి ఇంకో పండుగ ఉంది, దాని చరిత్ర వేరే దిశలో నడిచింది. సిరోంచ, రాజురా వైపు బతుకమ్మను తంగేడు, గునుగు, బంతి, కట్లపూలతో పేర్చి నీటిలో వదులుతారు, అందులో నదికి హాని చేసేది ఏదీ లేదు. అక్కడ కొరత నీటిలో కాక పొలంలో కనిపిస్తోంది. పత్తి చేలలో కలుపు మందుల వాడకం పెరిగాక గట్ల మీద గునుగు పలచబడింది, దొరికిన తెల్ల గునుగును రసాయన రంగు నీళ్లలో ముంచుతున్నారు.

మట్టి విషయంలోనూ జాగ్రత్త అవసరం. పశ్చిమ మహారాష్ట్రలో విగ్రహాలకు వాడే షాడూ అనే మెత్తటి బంకమట్టి చాలావరకు గుజరాత్ నుంచి వస్తుంది. దానిని లారీల్లో సిరోంచ దాకా తెప్పించుకోవడంలో అర్థం లేదు. ఇక్కడి చెరువుల ఒండ్రు ఇంటి విగ్రహానికి ఎప్పటి నుంచో సరిపోతూ వచ్చింది. మహారాష్ట్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ‘గాళముక్త్ ధరణ్, గాళయుక్త్ శివార్’ పథకం కింద చెరువుల, జలాశయాల పూడికను తీసి రైతుల పొలాలకు తరలిస్తారు. పూడిక తీయడానికి అనువైనవి నీళ్లు అడుగంటే ఏప్రిల్, మే నెలలు. వాన రాకముందే విగ్రహాన్ని ఆరబెట్టుకోవాలంటే కుమ్మరికి మట్టి కావలసింది కూడా అప్పుడే. తాలూకా కచేరీలు రైతులతో పాటు కుమ్మరులకూ ఆ ఒండ్రులో వాటా రాసి, మండళ్ల నుంచి ఎత్తు, మట్టి వివరాలతో దరఖాస్తులను హోలీకి ముందే తీసుకుంటే, అచ్చులు వేసే షెడ్డుకు ఏ సరుకు కొనాలో చలికాలంలోనే తెలుస్తుంది.