వేలిముద్ర పడకపోతే? రిక్వైర్‌మెంట్స్ సబ్జెక్టుపై అపోహలు - వాస్తవాలు

పోయిన వారం వైవాలో ఒక బృందం నలభై పేజీల ఎస్‌ఆర్‌ఎస్ (సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసే పత్రం) తెచ్చి నా బల్ల మీద పెట్టింది. స్పైరల్ బైండింగు, ఎవరు సిస్టమ్‌తో ఏ పని చేస్తారో చూపే యూజ్ కేస్ బొమ్మలు రంగుల్లో, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అంశం రేషన్ సరుకుల పంపిణీ. "వేలిముద్ర పడకపోతే ఆ మనిషికి బియ్యం ఎలా అందుతుంది?" అని అడిగాను. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఎర్రర్ మెసేజ్ వస్తుంది సార్. ఆ తర్వాతది మా సిస్టమ్ పరిధిలోకి రాదు" అన్నాడు వాళ్లలో ఒకడు. ఇంజినీరింగ్ కాలేజీలో రిక్వైర్‌మెంట్స్ సబ్జెక్టు, అంటే కట్టబోయే వ్యవస్థ ఎవరికి ఏం చేసిపెట్టాలో ముందే తెలుసుకుని రాయడం, పన్నెండేళ్లుగా చెబుతున్నాను. ఈ జవాబు వినకుండా ఒక్క సెమిస్టరూ గడవలేదు. ఆ పిల్లలను తప్పుపట్టలేను. మేము చెప్పే తీరే వాళ్లను అక్కడికి తీసుకెళ్తోంది.

అపోహ: వ్యవస్థ అంటే సాఫ్ట్‌వేరే. తెర మీద ఏం కనబడాలో, బటన్ నొక్కితే ఏం జరగాలో రాసేస్తే రిక్వైర్‌మెంట్స్ పూర్తయినట్టే.

వాస్తవం: అంబులెన్స్, రేషన్, ఆస్పత్రి ఓపీ, మీసేవ కౌంటర్, ఇవన్నీ సేవలు. మనుషులు, నిబంధనలు, యంత్రాలు, కరెంటు, సిగ్నలు అన్నీ కలిసొస్తేనే సేవ అందుతుంది. సాఫ్ట్‌వేర్ అందులో ఒక భాగం. "మా పరిధి కాదు" అని మనం గీత గీసిన చోటే అవతలి మనిషి చేతులు ఖాళీగా మిగులుతాయి.

దీనికి నేను ఏటా చెప్పే ఉదాహరణ లండన్ అంబులెన్స్ సర్వీసుది. 1992 అక్టోబరు 26న అక్కడ కంప్యూటరే బండ్లను కేటాయించే విధానం మొదలైంది. ఏ బండి ఎక్కడుందో, ఖాళీగా ఉందో లేదో యంత్రానికి ఎప్పుడూ కచ్చితంగా తెలుస్తుందన్న భరోసా మీద దాన్ని కట్టారు. ఆ భరోసా నిలవాలంటే సిబ్బంది ప్రతి దశలో సరైన బటన్ నొక్కాలి, రేడియో సంకేతం అందాలి, కేటాయించిన బండే బయలుదేరాలి. ప్రాణం మీదికి వచ్చిన హడావుడిలో అవేవీ అనుకున్నట్టు జరగలేదు. యంత్రం దగ్గరున్న లెక్క ఒకటి, వీధుల్లో ఉన్న బండ్లు మరొకటి. ఒకే చోటికి రెండేసి బండ్లు వెళ్లాయి. తేడాలను చెప్పే సందేశాలు పేరుకుపోయి, పాతవి తెర మీంచి జారిపోయాయి. బండి రాలేదని జనం మళ్లీ మళ్లీ ఫోన్లు చేస్తుంటే ఆ ఒత్తిడి ఇంకా పెరిగింది. మరుసటి ఏడాది వచ్చిన విచారణ నివేదిక తేల్చిన మాట నా విద్యార్థులందరికీ కంఠతా వచ్చి ఉండాలి: అక్టోబరు 26, 27 తేదీల్లో కంప్యూటర్ సాంకేతికంగా విఫలం కాలేదు, తనను ఎలా రూపొందించారో చాలావరకు అలాగే పనిచేసింది. లోపం ఆ రూపకల్పనలోనే ఉంది.

ఇది చెప్పాక మన 108ని ముందు పెడతాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన సేవ అది. రోడ్డు పక్క నిలబడిన మనిషి వణుకుతూ "పోచమ్మ గుడి దగ్గర" అంటాడు. తెలంగాణలో పోచమ్మ గుడి లేని ఊరేది? అటువైపు ఫోను ఎత్తిన మనిషి తర్వాత ఏమడగాలి? ఆ ప్రశ్న కూడా రిక్వైర్‌మెంటే. అది ఏ యూజ్ కేస్ బొమ్మలోనూ కనబడదు.

నాలుగేళ్ల కిందట ఒక బ్యాచిని రేషన్ షాపుకు తీసుకెళ్లాను. అరవై దాటిన ఒక బీడీ కార్మికురాలు వరుసలో ముందుకొచ్చి వేలు పెట్టింది. పడలేదు. డీలరు తడిగుడ్డతో ఆమె వేలు తుడిచాడు. మళ్లీ పడలేదు. మరో వేలు, మరో చెయ్యి. "ఆకు కత్తిరించీ, బీడీలు చుట్టీ గీతలన్నీ అరిగిపోయాయి బిడ్డా" అని అరచెయ్యి మా పిల్లలకు చూపించింది. చూపుడువేలు కొస గాజులా నున్నగా ఉంది. ఇక ఓటీపీ పంపాలి. కార్డుకు కలిపిన నంబరేమో కొడుకుది, అతను దుబాయిలో ఉన్నాడు. డీలరు తన ఫోను తీసి అతనికి వాట్సాప్ కాల్ చేసి ఓటీపీ చెప్పించుకున్నాడు. వెనక ఇరవై మంది ఎండలో నిలబడ్డారు. ఆ పూట ఆమెకు బియ్యం దక్కాయంటే డీలరు ఓపిక వల్లే. ఆ ఓపికను ఎవరూ ఎస్‌ఆర్‌ఎస్‌లో రాయలేదు.

అప్పటినుంచి క్లాసులో మూడు గడుల పట్టికతోనే మొదలుపెడుతున్నాను. మొదటి గడి మనిషి అక్కర: "ఆమెకు బియ్యం అందాలి". మూడో గడి యంత్రం చేసే పని: "వేలిముద్ర సరిచూడాలి". నడిమి గడిలో, ఆ పని ఈ అక్కరను తీర్చాలంటే బయటి ప్రపంచంలో ఏమేం నిజం కావాలో రాయాలి: వేలికి గీతలుండాలి, సిగ్నలుండాలి, ఫోను ఆమె చేతిలో ఉండాలి. పమేలా జేవ్, మైఖేల్ జాక్సన్ (పాటగాడు కాదు, ఇద్దరూ కంప్యూటర్ శాస్త్రవేత్తలే) 1997 నాటి పరిశోధన పత్రంలో తర్కబద్ధంగా చెప్పినదే ఇది. నడిమి గడి ఖాళీగా ఉన్న పత్రానికి నేను మార్కులు వేయను.

మిగతా అపోహలు తొందరగా చెప్పేస్తాను. అజైల్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌ను చిన్న చిన్న విడతల్లో కట్టే పద్ధతిలో, రిక్వైర్‌మెంట్స్ ఉండవనేది పుకారు. ఉంటాయి, ఒకేసారి కాకుండా విడతలుగా వస్తాయి. ఎస్‌ఆర్‌ఎస్ ఎలా రాయాలో చెప్పే ఐఈఈఈ 830 నమూనా తప్పనిసరి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1998 నాటి ఆ ప్రమాణం స్థానంలో 2011లోనే 29148 అనే కొత్త ప్రమాణం వచ్చింది, 2018లో దాన్నీ సవరించారు. క్లయింటు చెప్పిందే రిక్వైర్‌మెంట్ అనుకోకండి. "నాకు యాప్ కావాలి" అనే మాట వెనక అసలు ఇబ్బంది వేరే ఉంటుంది. ఇక ఎస్‌ఆర్‌ఎస్ ఏఐ రాసేస్తుంది, ఈ సబ్జెక్టు దండగ అని సీనియర్లు వాట్సాప్‌లో పంపే సందేశాలు దయచేసి నమ్మకండి. పత్రం రాస్తుంది, నిజమే. ఆ ముసలామె అరచెయ్యి చూసి రావడానికి మాత్రం మీరే వెళ్లాలి.

కోడింగ్‌లో వెనకబడినవాళ్లు, ఇంగ్లీషు తడబడేవాళ్లు ఈ సబ్జెక్టును చూసి భయపడటం నాకు తెలుసు. ఆ భయంలో అర్థం లేకపోలేదు, ఇంటర్వ్యూలు అలాగే జరుగుతున్నాయి. కానీ నా క్లాసులో అతి మంచి ప్రశ్న అడిగింది రెండేళ్లు వెనక బెంచీలో నోరు విప్పని అమ్మాయి. ఆశా కార్యకర్త యాప్ గురించి మాట్లాడుతుంటే మెల్లగా చెయ్యెత్తింది. "మా అమ్మ ఆశా వర్కరే సార్. పొద్దున ఇళ్లు తిరిగేటప్పుడు నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఫోనులో ఎక్కించేది రాత్రి వంటయ్యాక. మరి యాప్‌లో పడే సమయం ఏ సమయం?" అప్పటిదాకా బోర్డు మీద నేను గీసిన బొమ్మలో ఆ రెండు సమయాలూ ఒకటే. చెరిపి మళ్లీ గీశాను.

మొన్నటి బృందాన్ని ఫెయిల్ చేయలేదు. ఒకటో తారీఖున రేషన్ షాపు దగ్గర ఒక పూట కూర్చుని, నడిమి గడి నింపుకుని మళ్లీ వైవాకు రమ్మన్నాను.